ఊరంతటికీ చెప్పాం, పిల్లకి తప్ప

మా అక్క వాళ్ల ఊరు ప్రత్తిపాడు దగ్గర. బస్సు ఆగే చోట వేపచెట్టుకీ కరెంటు స్తంభానికీ మధ్యన రెండేళ్ల కింద 12 అడుగుల ఫ్లెక్సీ ఒకటి కట్టారు. దాంట్లో మా అక్క కూతురు నాలుగు రకాలుగా నిలబడి ఉంది, ఒకదాంట్లో లంగా ఓణీ, ఒకదాంట్లో పూలజడ ముందుకేసుకుని, ఒకదాంట్లో గులాబీ పువ్వు పట్టుకుని, ఇంకోదాంట్లో నెమలి పక్కన (ఆ నెమలి స్టూడియో వాడిది, ఆ ఊళ్లో నెమళ్లు లేవు). కింద మేనమామల ఫొటోలు, పైన నాయకుల ఫొటోలు, ఏ పార్టీ వాళ్లకీ కోపం రాకుండా అందరివీ. పేరుకి ఓణీల ఫంక్షన్ గానీ విషయం ఏంటో బస్సులో కూర్చున్నోడికి కూడా తెలుసు. పిల్లకి 12 ఏళ్లు. ఏడో తరగతి.

నేను గుంటూరు కొత్తపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని, 14 ఏళ్లయింది ఈ పనిలో పడి. కొత్తపేట తెలిసినోళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఒక హాస్పిటల్, పక్కన మందుల షాపు, దాని పక్కన ల్యాబు, మళ్లీ హాస్పిటల్, మధ్యలో దొరికిన జానెడు జాగాలో ఇడ్లీ బండి. పొద్దున ఆరున్నరకి షట్టర్ ఎత్తితే మధ్యాహ్నం దాకా సూది కింద పెట్టేది ఉండదు. షుగర్లు, థైరాయిడ్లు, అన్నిటికంటే ఎక్కువ సీబీసీలు. అంటే మనిషి ఒంట్లో రక్తం ఎంతుందో చెప్పే పని నాది. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ కథలో తప్పు ఎవరిది అని మీరు వెతికేలోపు నేనే చెయ్యెత్తుతున్నా, మొదట నాది, తర్వాతే మా అక్కదీ బావదీ వాళ్లమ్మదీ.

ఆ రోజు అక్క ఫోన్ చేసి "పిల్ల పెద్దమనిషయ్యిందే" అంది. నేను అడిగిన మొదటి మాట ఏంటో తెలుసా, "ఏ టైములో?" అని. సిద్ధాంతి గారు అడుగుతారు కదా మరి, నక్షత్రం మంచిదా కాదా, శాంతి చేయించాలా అక్కర్లేదా అని. పిల్లకి నొప్పిగా ఉందా, భయపడిందా, అప్పుడు ఎక్కడుంది, ఇవేవీ అడగలా. తర్వాతెప్పుడో తెలిసింది, స్కూల్లో లెక్కల పీరియడ్‌లో అయిందంట, బ్యాగు వెనక అడ్డం పెట్టుకుని ఇంటిదాకా నడిచొచ్చిందంట, దారి పొడుగునా లోపల ఏదో తెగిపోయిందనే అనుకుందంట. ఇంటికి రాగానే వాళ్ల నానమ్మ "ఏదీ ముట్టుకోమాక" అని వరండాలో మూల తాటాకు చాప వేసి కూర్చోబెట్టింది. కంచం వేరు, గ్లాసు వేరు, దుప్పటి వేరు. 11 రోజులు స్కూలు లేదు. వచ్చినోళ్లంతా చిమ్మిలి తెచ్చారు, నువ్వులూ బెల్లం కలిపి దంచింది, ఆ ఒక్క పద్ధతికి మాత్రం నేను దండం పెడతా, నువ్వుల్లో ఐరన్ ఉంది కాల్షియం ఉంది, ఎవరు పెట్టారో గానీ తెలిసి పెట్టినట్టే ఉంది. కాకపోతే 11 రోజులు పెట్టి ఆపేస్తే ఎట్లా, నెల నెలా పోయే రక్తం 11 రోజుల్తో ఆగేది కాదు కదా, 35, 40 ఏళ్ల వ్యవహారం.

ఫంక్షన్ బ్రహ్మాండంగా జరిగింది. షామియానా, స్టేజీ, డ్రోన్ కెమెరా, మేనమామల తరఫున నగలూ చీరలూ పళ్లాల్లో పెట్టుకుని బ్యాండుతో ఊరేగింపు. నేను డాన్స్ కూడా వేశాను, వీడియోలో ఉంది, చూడమాకండి. ఆ రాత్రి పిల్ల నా పక్కన పడుకుంది. జడ విప్పుతుంటే చిన్నగా అడిగింది, "పిన్నీ, ఫంక్షన్ అయిపోయింది కదా, ఇంక రాదు కదా?"

నాకు ముందు అర్థం కాలా. ఏంటి రాదు అన్నా. "అదే, రక్తం."

అది అనుకున్నదేంటంటే, ఇది ఒక్కసారి వస్తది, చాప మీద కూర్చోబెడతారు, స్నానం చేయిస్తారు, ఫంక్షన్ చేస్తారు, దాంతో అయిపోద్ది. ఆటలమ్మ పోసినప్పుడు వేపాకులు వేసి స్నానం చేయించాక అయిపోయినట్టు. మేం 600 మందికి భోజనాలు పెట్టాం, కార్డులు కొట్టించాం, ఫ్లెక్సీ కట్టాం, ఊరంతటికీ చెప్పాం. ఎవరి ఒంట్లో జరిగిందో వాళ్లకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను ఆ రాత్రి చెప్పాను, నెల నెలా వస్తది, భయం లేదు, అందరికీ ఉంటది అని ఏదో రెండు ముక్కలు చెప్పి నిద్రపోయాను. పొద్దున్నే డ్యూటీ ఉంది మరి.

ఇక్కడ మా అక్కని తిట్టుకునేవాళ్లకి ఒక మాట. అప్పు చేసి ఫంక్షన్లెందుకు అంటారు అందరూ, నేనూ అన్నాను. వాళ్లది కౌలు వ్యవసాయం, మిర్చి. ఫంక్షన్‌కి 2 లక్షల 30 వేలు అయింది, రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. కానీ అక్క దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది, పెళ్లయినప్పటి నుంచి ఎవరెవరి ఫంక్షన్లలో ఎంతెంత చదివించిందో రాసుకున్న లెక్క. 500, 1,116, 2,000 అట్లా. అది తిరిగి రావాలంటే తనూ ఒక ఫంక్షన్ చెయ్యాలి, వేరే దారి లేదు. ఆడపిల్ల పుట్టిన ఇల్లు ఆ ఊళ్లో ఒక రకమైన చీటీపాట వేసినట్టే, ఈ ఫంక్షన్ దాని పాట. మొత్తం చదివింపులు 1 లక్షా 64 వేలు వచ్చినయ్. మిగతాది ఇంకా తీరుతూనే ఉంది. కాబట్టి మూఢనమ్మకం, ఆడంబరం అని ఒక్క మాటలో కొట్టిపారేయలేను, దాంట్లో లెక్క ఉంది. ఆ లెక్కలో పిల్ల ఎక్కడుందీ అన్నదే నా బాధ.

ఎనిమిది నెలలు గడిచినయ్. స్కూల్లో పొద్దున ప్రార్థనలో నిలబడి పడిపోయిందని ఫోన్ వచ్చింది. ఎండకి పడింది, టిఫిన్ తినకుండా వెళ్లింది, దిష్టి తగిలింది, ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. నాకెందుకో మనసు ఆగక గుంటూరు తీసుకురమ్మన్నా. నేనే తీశాను బ్లడ్. ఊదారంగు మూత ట్యూబులోకి దిగుతుంటేనే చూశాను, పల్చగా ఉంది. ఇన్నేళ్ల అలవాటు, రంగు చూస్తే కొంత అర్థమైద్ది. మెషీన్‌లో పెట్టాను. హిమోగ్లోబిన్ 7.8.

ఈ వయసు ఆడపిల్లకి 12 ఉండాలి. 12 కంటే తగ్గితే రక్తహీనత, 11 కంటే కిందకొస్తే మోడరేట్, 8 కంటే తగ్గితే సివియర్. మెషీన్ మీద నమ్మకం లేక స్లైడ్ వేసుకుని చూశాను. ఎర్రకణం మామూలుగా మధ్యలో కొంచెం పాలిపోయి ఉంటది, మూడో వంతు దాకా, అది సహజం. దీని కణాలు చిన్నచిన్నగా, చిల్లు పెద్దదైపోయిన గారెల్లాగా, చుట్టూ సన్నగా అంచు మాత్రం మిగిలి ఉన్నయ్. ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు సైజు, 62, కనీసం 80 ఉండాల్సింది. ఇట్లాంటప్పుడు తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) క్యారియర్ కూడా అయ్యుండొచ్చు కాబట్టి డాక్టర్ గారు ఫెరిటిన్ చేయించారు, ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంతుందో చెప్పే టెస్ట్ అది, 15 కంటే తగ్గితే ఖాళీ అయినట్టే. దీనికి 6. డబ్బా అడుగున గరిట గీసుకుంటుంది ఒళ్లు.

ఆ రాత్రి ఇంటికెళ్లి ఎందుకో ఫంక్షన్ వీడియో పెట్టుకున్నా. స్టేజీ మీద కుర్చీలో కూర్చుని ఉంది, పెద్దవాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి అక్షింతలు వేస్తున్నారు, అది ఒళ్లో పడ్డ బియ్యం గింజలు ఏరుకుని నోట్లో వేసుకుంటుంది. ఒకసారి కాదు, వీడియో పొడుగునా. మా అన్నయ్య మైకులో "బియ్యం తింటే నీ పెళ్లికి వాన పడుద్దే" అన్నాడు, అందరం నవ్వాం. నా నవ్వు గట్టిగా వినపడుతుంది. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి, సున్నం ఇవి తినాలనిపించడం ఐరన్ తగ్గినప్పుడు వచ్చే గుర్తుల్లో ఒకటని నేను డీఎంఎల్‌టీలో, అదే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమాలో చదువుకున్నా, పరీక్షలో రాశా కూడా. కళ్ల ముందు 600 మంది మధ్యలో పిల్ల బియ్యం తింటుంటే గుర్తు రాలా. తర్వాత అక్కని అడిగితే "అది ఎప్పటి నుంచో తింటదే, డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకుపోద్ది" అంది మామూలుగా.

ఎందుకింత తగ్గింది అని కూర్చుని ఆలోచిస్తే ఒక్క కారణం కాదు. పొద్దున టీ, రెండు బిస్కెట్లు, అదే టిఫిన్. అన్నం తిన్నాక మళ్లీ టీ. అన్నంతో పాటు టీ కడుపులో పడితే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టనివ్వదు, గంట రెండు గంటలు ఎడం ఉండాలి. ఈ ఒక్క విషయం మా ల్యాబ్‌కి వచ్చే ప్రతి ఆడమనిషికీ చెప్తా, చెప్పి నేనూ అన్నం తినగానే టీ తాగుతా. ఇక మిరప చేలో చెప్పుల్లేకుండా తిరగడం, నులిపురుగులు. దీనికి ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న స్కూళ్లలో ఆల్బెండజోల్ వేస్తారు, కానీ ఆ రోజు స్కూలు మానేస్తే అంతే. అన్నిటికంటే పెద్దది, నెలసరి. మొదటి ఏడాది రెండేళ్లు కొంతమందికి లెక్కా పత్రం లేకుండా వస్తది, దీనికి తొమ్మిది రోజులు, పది రోజులు అయ్యేదంట, గడ్డలు గడ్డలుగా. ఏడు రోజులు దాటితే, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతుంటే అది మామూలు కాదు, డాక్టర్‌కి చూపించాలి. దానికేం తెలుసు, అందరికీ ఇంతే అనుకుంది. "భయం లేదు అందరికీ ఉంటది అని నువ్వే కదా పిన్నీ చెప్పావు" అంది. అవును, నేనే చెప్పాను.

ఇంకొకటుంది, గుడ్డు. మా అక్క కొడుకు, దీనికంటే మూడేళ్లు చిన్నోడు, వ్యాన్ ఎక్కి ప్రైవేట్ స్కూలుకి వెళ్తాడు. పిల్ల ఊళ్లో సర్కారు బడికి. ఎందుకట్లా అని అడగమాకండి, మీ ఇళ్లల్లో కూడా చూసుకోండి. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడతారు, బెల్లం చిక్కీ ఇస్తారు, రాగిజావ ఉంది, ఈ పథకం పేరు గవర్నమెంట్ మారినప్పుడల్లా మారుతుంటది, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, గోదావరి లంకల్లో ఆకలన్నవాళ్లకి కాదనకుండా అన్నం పెట్టిన తల్లి, పేరు వరకూ నాకు నచ్చింది. సంగతేంటంటే తమ్ముడి స్కూల్లో గుడ్డు లేదు కాబట్టి ఇది తన గుడ్డు బాక్సులో పెట్టుకుని రోజూ ఇంటికి తెచ్చి వాడికి ఇచ్చేది. రెండేళ్లుగా. నానమ్మ వచ్చినోళ్లందరికీ చెప్పి మురిసిపోయేది, మా మనవరాలు ఎంత బుద్ధిమంతురాలో చూడండి అని. ఆదివారం కోడికూర వండితే కార్జం ముక్క ఎవరి పళ్లెంలో పడుద్దో నేను చెప్పక్కర్లేదు. నిజానికి గుడ్డులో ఐరన్ ఎక్కువ లేదు, ఉన్నది కూడా ఒంటికి సరిగ్గా పట్టదు, రక్తానికి కార్జమే మంచిది, కాబట్టి గుడ్డు వల్లే 7.8 అయిందని నేననను. కానీ తన పళ్లెంలో పెట్టింది తనది కాదు అని ఒక పిల్ల ఎక్కడ నేర్చుకుందో ఆ గుడ్డులో కనపడింది నాకు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదోది, 2019-21లో చేసింది, అందులో మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి దాదాపు 60 మందికి రక్తహీనత. అదే ఇళ్లల్లో అదే పొయ్యి మీద వండింది తినే అదే వయసు మగపిల్లల్లో 20కి లోపే. నెలసరి వల్ల తేడా ఉంటది, ఒప్పుకుంటా. మూడింతల తేడా మొత్తం నెలసరిదేనా అంటే మా అక్క ఇంట్లో అన్నం వడ్డించే వరస చూసినోళ్లెవరూ అవుననరు.

మరి స్కూల్లో నీలం రంగు మాత్ర ఇస్తారు కదా అంటారా. ఇస్తారు. 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకి వారానికొకటి, ఐరన్ ఫోలిక్ యాసిడ్, 2012, 13 ఆ టైం నుంచీ ఉంది ఈ ప్రోగ్రాం, 2018లో అనీమియా ముక్త్ భారత్ అని ఇంకా పెద్దది చేశారు. పిల్లని అడిగితే చెప్పింది, సార్ వాళ్లు ఇస్తారు, నోట్లో వేసుకున్నట్టు వేసుకుని నాలుక కింద పెట్టి బయటికెళ్లి గోడవతల ఉమ్మేస్తారంట. వాళ్ల స్కూలు గోడవతల తుమ్మచెట్టు ఒకటుంది, "దానికి బాగా రక్తం పట్టుంటది పిన్నీ" అంది. ఎందుకు ఉమ్మేస్తారే అంటే, ఒకమ్మాయికి కడుపులో తిప్పింది, ఇంకొకమ్మాయికి విరేచనం నల్లగా అయింది, లోపల ఏదో కుళ్లిందని భయపడి వాళ్లమ్మకి చెప్పింది, వాళ్లమ్మ పక్కింటామెకి చెప్పింది, చివరికి ఆ మాత్ర వేసుకుంటే పిల్లలు పుట్టరు అని ఊరంతా తేలింది. నల్లగా పోవడం ఐరన్ వల్లే, ఒంటికి పట్టగా మిగిలింది బయటికి పోవడమే, దాంట్లో ఏం లేదు. ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పుద్ది, అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి తిప్పదు. ఈ రెండు ముక్కలు మాత్రతో పాటు ఎవరన్నా విడమర్చి చెప్పుంటే తుమ్మచెట్టుకి అంత రక్తం పట్టేది కాదు.

ప్యాడ్లదీ అంతే. 2021 అక్టోబర్‌లో స్వేచ్ఛ అని మొదలుపెట్టారు, ఏడు నుంచి ఇంటర్ దాకా గవర్నమెంట్ విద్యాసంస్థల్లో చదివే ఆడపిల్లలకి నెలకి 10 ప్యాడ్లు ఉచితంగా. మంచి పని, నిజంగా మంచి పని. పదిరోజులు బ్లీడింగ్ అయ్యే పిల్లకి 10 ప్యాడ్లు అంటే రోజుకొకటి, నాలుగైదు గంటలకోసారి మార్చాల్సింది రోజంతా అదే. మిగతాది పాత నైటీ ముక్కలు, ఉతికి ఎండలో వెయ్యకుండా దొడ్లో ఎవరికీ కనపడకుండా తడి ఆరని చోట వేసేవి. ఫ్లెక్సీ ఊరి సెంటర్లో, గుడ్డ ముక్క దొడ్లో చీకట్లో.

ల్యాబ్‌లో ఇంకో రకం పిల్లలొస్తారు. పక్కన అత్తగారు. చేతిలో డాక్టర్ చీటీ, గర్భిణీ టెస్టుల ప్రొఫైల్. రిజిస్టర్‌లో వయసు రాయాలి, అడుగుతా. పిల్ల తల దించుకుంటది, అత్తగారు చెప్తది, "19 అండీ." ఆధార్ అడిగితే ఇంటి దగ్గర మర్చిపోయాం. మణికట్టు పట్టుకుంటే తెలిసిపోద్ది, నా చేతిలో ఎన్ని వేల చేతులు పడుంటయ్. ఆ సర్వేలోనే ఉంది, మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకుండా పెళ్లయినోళ్లు నూటికి 29.3, దేశం మొత్తం మీద 23.3. 15-19 ఏళ్ల వాళ్లలో సర్వే నాటికే తల్లయినోళ్లు, కడుపుతో ఉన్నోళ్లు ఇక్కడ 12.6, దేశంలో 6.8. చదువులో ముందున్నాం, ఐటీలో ముందున్నాం, అమెరికాలో ముందున్నాం అంటాం, దీంట్లోనూ ముందే ఉన్నాం. చాలాసార్లు నేను 19 అనే రాశాను, కౌంటర్ దగ్గర జనం ఉంటారు, ఎందుకొచ్చిన గొడవ అని. ఒక్కసారి మాత్రం 1098కి, అదే పిల్లల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేశాను. అదొక్కటీ ఇక్కడ రాయను, ఆ పిల్ల ఇంకా ఈ ఊళ్లోనే ఉంది.

నేను ల్యాబ్‌కి వెళ్లేది బ్రాడీపేట మీదుగా. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు ఆడపిల్లల కోసం గుంటూరులో శారదా నికేతనం అని ఒక బడి పెట్టారు. అప్పటికి పెళ్లికి కనీస వయసు చట్టం కూడా లేదు, ఏడేళ్ల తర్వాత 1929లో గానీ శారదా చట్టం రాలేదు (ఆ శారద వేరు, హరబిలాస్ శారద అనే ఆయన పేరు), అది 14 అంది, 18 అవ్వడానికి 1978 దాకా పట్టింది. చట్టం లేనప్పుడే ఆ దంపతులు ఆడపిల్లల్ని బడిలో కూర్చోబెట్టారు. నేను చట్టం ఉండగా రిజిస్టర్‌లో 19 రాశాను. ట్రాఫిక్‌లో ఇలాంటివే గుర్తొస్తయ్.

సరే, పిల్ల సంగతి. డాక్టర్ గారు ఐరన్ రోజూ వేసుకోమన్నారు, వారానికొకటి అనేది తగ్గకుండా చూసుకోడానికి, తగ్గిపోయాక రోజూ వేసుకోవాలి, మూడు నెలలు, నంబర్ బాగయ్యాక కూడా ఆపకుండా ఇంకొన్నాళ్లు, ఖాళీ అయిన డబ్బా నిండాలి కదా. నులిపురుగుల మాత్ర. బ్లీడింగ్ ఆపడానికి వేరే మందు. నేను మా అక్క ఇంటికెళ్లి రెండు రోజులున్నా. ఇనప మూకుడు అటక మీద నుంచి దింపించా, గోంగూర దాంట్లో వండమన్నా, పులుపు పడితే మూకుడులోని ఇనుము కూడా కొంచెం కూరలోకి దిగుద్ది. టీ బదులు అన్నంలో నిమ్మకాయ. గుడ్డు మాటెత్తగానే మా అక్క అత్తగారు మొహం మాడ్చుకుంది, "చిన్నోడు ఎదిగే వయసు" అంది. "పిన్నీ, రిపోర్ట్ చూపించు" అంది పిల్ల, చూపించాను, ఆవిడకి చదవడం రాదు గానీ 12 ఉండాల్సిన చోట 7.8 అంటే మిర్చి టిక్కీ (బస్తా) తూకంలో తేడా అర్థమైనట్టే అర్థమైంది. "అంటే మూడో వంతు పోయిందా" అంది. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలా. వాడికి వేరే గుడ్డు కొంటున్నారు ఇప్పుడు. అట్లాగని ఆవిడ మారిపోయిందనుకోమాకండి, మొన్న పండక్కి కూడా పదో తరగతి అయ్యాక సంబంధం చూద్దాం అంది, ఫ్లెక్సీ చూసి ఇద్దరు ముగ్గురు అడిగారంట అప్పట్లోనే. ఆ ఫ్లెక్సీ దేనికి ప్రకటనో అప్పుడర్థమైంది నాకు. బావ మాత్రం "దానికి రక్తమే లేదు, సంబంధమేంటమ్మా" అన్నాడు. కారణం నాకు నచ్చలా, రక్తం వచ్చాక చేసేస్తారా అని గొడవపడ్డా. ఇంకా తేలలేదు ఆ గొడవ.

మొదటి నెలకి 9.1. మూడో నెలకి 11.2. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టడం అంతకుముందే దానంతటదే మానేసింది. తొమ్మిదో తరగతిలోకి వచ్చాక ఒకరోజు క్లాసులో నీలం మాత్రలు ఇస్తుంటే లేచి నిలబడి, ఇది అన్నం తిన్నాక వేసుకోండే, నల్లగా వస్తది భయపడకండే, నాకు 7.8 ఉండేది ఇప్పుడు 11.2 అని చెప్పిందంట. ఆడపిల్లలు కిసుక్కున నవ్వారంట, సార్ గారు సుద్దముక్క తెచ్చుకుంటానని బయటికెళ్లిపోయారంట, పది నిమిషాల దాకా రాలేదంట. ఆ పది నిమిషాల్లో ఎవరెవరికి ఎన్ని రోజులు అయిద్దో అందరూ ఒకళ్లకొకళ్లు చెప్పేసుకున్నారంట. అందులో ఇంకో ఇద్దరు బియ్యం తింటారని తేలింది, ఒకమ్మాయి బలపాలు.

పోయిన నెల ఆ ఇద్దరిలో ఒకమ్మాయి చెల్లెలికి ఓణీల ఫంక్షన్. అక్క నన్నూ రమ్మంది. చదివింపుల కవర్లో 516 పెడుతుంటే పిల్ల అంది, "పిన్నీ, ఒక సీబీసీ కూడా చదివించు, అక్కకీ చెల్లికీ ఇద్దరికీ". నవ్వులాటకే అంది గానీ నాకు బాగా అనిపించి మా ల్యాబ్ స్లిప్ మీద "సీబీసీ 2, ఉచితం" అని రాసి స్టాంపు వేసి కవర్లో పెట్టా. రెండూ కలిపి 600 రూపాయలు, మా ఓనర్ గారికి నా జీతంలో పట్టుకోమన్నా. చదివింపులు మైకులో చదివేది ఆ ఊళ్లో ఒక పెద్దాయన, కవర్ చించి, కళ్లజోడు సర్దుకుని, "గుంటూరు నుంచి పిల్ల పిన్నిగారు, 516 రూపాయలు, ఇంకా..." అని ఆగి, "సీబీఐ రెండు" అని చదివాడు. పందిరి మొత్తం ఒకటే నవ్వు. మా పిల్ల స్టేజీ ఎక్కి ఆయన చేతిలో మైకు తీసుకుని "సీబీఐ కాదు తాతా, సీబీసీ, రక్తం టెస్టు" అంది. స్టేజీ మీద కుర్చీలో కూర్చున్న చిన్నది ఒళ్లో అక్షింతల మీద నుంచి చెయ్యి తీసేసింది.

సోమవారం పొద్దున్నే వాళ్లమ్మ ఇద్దర్నీ బస్సెక్కించి తీసుకొచ్చింది. పెద్దదానికి 8.9, చిన్నదానికి 10.4.